బెంగళూరు నుంచి సైకిల్ యాత్ర – 4వ పాఠం: దారి గీసుకోవడం

మొదటి మూడు పాఠాల్లో సైకిల్ ఎంపిక, సీటు ఎత్తు, గేర్ల వాడకం చూశాం. ఇవాళ కాళ్ళకు పని లేదు. ఒక గంట తీరిక, ఒక మ్యాప్, పెన్సిల్ చాలు. యాత్ర బాగా సాగుతుందా, మధ్యలో విసుగు పుడుతుందా అన్నది చాలావరకు ఈ గంటలోనే తేలిపోతుంది.

కొత్తవాళ్ళు చేసే పని ఒకటే. ఫోన్‌లో చేరాల్సిన ఊరు కొడతారు, అది చూపించిన దారి పట్టుకుంటారు. ఫోన్ కారుకి తగ్గ దారి చూపిస్తుంది. హెబ్బాళ నుంచి ఉత్తరంగా అయితే అది 44వ నంబరు జాతీయ రహదారి. పక్కనుంచి లారీ పోయిన ప్రతిసారీ హ్యాండిల్ బిగబట్టుకుంటూ అరవై కిలోమీటర్లు తొక్కితే నందికొండ చేరతారు, కానీ దారిలో చూసిందేమీ గుర్తుండదు. మనకి కావలసింది ఊరికీ ఊరికీ మధ్య ఉండే సన్న తారు రోడ్డు.

దాన్ని పట్టుకోవడానికి నేను వాడే గుర్తు చెరువు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పెద్ద నదుల నీళ్ళు లేవు. చెరువుల మీదే బతికిన నేల అది. పాత దారులు ఒక చెరువు కట్ట నుంచి ఇంకో చెరువు కట్టకి పోతాయి. శాటిలైట్ మ్యాప్ తెరిచి చెరువులన్నీ వెతకండి. ఎండిపోయినవైనా సరే, ఆకారం తెలిసిపోతుంది. కట్ట మీదుగా గీత కనిపిస్తే అదే మన దారి. కట్ట మీద మిట్టలుండవు, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాలు, చాలాచోట్ల చింతచెట్ల నీడ. శిడ్లఘట్ట చుట్టుపక్కల ఈ దారుల్లో మల్బరీ తోటల మధ్య పోతూ ఉంటే పట్టుగూళ్ళ సంచులు కట్టుకున్న మోపెడ్లు ఎదురవుతాయి. పొద్దున్నే గూళ్ళ మార్కెట్‌కి పోతూ ఉంటారు.

గీత కనిపించినంత మాత్రాన అది తారు రోడ్డని నమ్మొద్దు. అందుకే దారిలో ఎవరినైనా అడగాలి, అడగడానికీ ఒక పద్ధతుంది. "ఎంత దూరం?" అంటే "ఇక్కడే" అంటారు. "రోడ్డు బాగుందా?" అంటే బాగుందనే అంటారు, వాళ్ళకది అలవాటైన రోడ్డు మరి. "ఈ రోడల్లి బస్ బరుత్తా?" అని అడగండి. బస్సు వస్తుందంటే తారు ఉంది, బ్రిడ్జి ఉంది, ఏదైనా అయితే ఎక్కి తిరిగి రావడానికి ఆధారమూ ఉంది. ఇక గుడిబండ, బాగేపల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ కన్నడ ప్రశ్న కూడా అక్కర్లేదు. బోర్డులు కన్నడంలో ఉంటాయి, ఇళ్ళ ముందు మాటలు తెలుగులో వినిపిస్తాయి.

ఇప్పుడు అసలు పాఠం, మిట్టల లెక్క. దూరం చూసి భయపడేవాళ్ళు ఎక్కువ, కానీ ఒళ్ళు అలిసేది ఎత్తుకి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 షీటు ఒకటి తీసుకోండి. అందులో 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గోధుమ రంగు వంకర గీతలు ఎత్తు గీతలు. ఒక గీత నుంచి పక్క గీతకి 20 మీటర్ల తేడా. మీ దారి మీద పెన్సిల్ కదుపుతూ, ఒక కిలోమీటరులో ఎన్ని గీతలు దాటుతున్నదీ లెక్కపెట్టండి. ఒకటి దాటితే 2 శాతం వాలు, ఎక్కుతున్నట్టు కూడా తెలియదు. రెండయితే 4 శాతం, ఊపిరి వినిపిస్తుంది. మూడు దాటితే 6 శాతం, ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది, మాటలు బంద్. నాలుగు దాటితే సామానుతో ఉన్నవాళ్ళు మధ్యలో ఆగే చోటు ముందే గుర్తు పెట్టుకోవాలి.

నందికొండ మీద ఇది చేసి చూడండి. కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. కింది నుంచి పైదాకా ఘాట్ రోడ్డు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. పెన్సిల్ ఇరవై గీతల దాకా దాటుతుంది, అంటే సగటున ఐదారు శాతం. సగటు అన్న మాట గమనించండి. మలుపుల మధ్య ఒక్కోచోట అంతకన్నా నిటారుగా ఉంటుంది. మొదటి రెండు కిలోమీటర్లు హుషారుగా తొక్కినవాళ్ళు పైన మలుపుల్లో దిగి నడుస్తారు. మొదట్లోనే ఒక గేరు తగ్గించుకుని, పక్కవాళ్ళతో రెండు ముక్కలు మాట్లాడగలిగే వేగంలో ఎక్కండి.

సమయానికి నా లెక్క ఇది. చదును మీద గంటకి 15 కిలోమీటర్లు, పైన ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ పది నిమిషాలు. 60 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎత్తు అయితే నాలుగు గంటలు, దానికి ఇంకో గంట. టీలకీ పంక్చర్లకీ మరో గంట. బెంగళూరులో తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరితే పదకొండున్నరకల్లా చేరిపోతారు.

మ్యాప్ చూపించని సంగతి ఒకటుంది, కోతల కాలం. డిసెంబరులో గుడిబండ దాటాక ఒక మలుపు తిరిగేసరికి రోడ్డంతా ఉలవ కట్టె పరిచి ఉంది. బండ్లు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుందని అలా వేస్తారు. నేను ఆగకుండా పోయాను. పది అడుగులు పోయానో లేదో వెనక చక్రం జారింది, తీగలు చైనుకి చుట్టుకుని గేరు మార్చే భాగాన్ని ఊచల మీదికి లాగేశాయి. టప్‌మని శబ్దం. దాన్ని చక్రానికి దగ్గర పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క వంగిపోయింది. పక్కన గింజలు చెరుగుతున్న ముసలావిడ చేట కింద పెట్టి వచ్చి, తీగలు ఒక్కొక్కటే తీస్తూ "దిగి తోసుకోని పోవల్ల కదా నాయనా" అంది. అప్పటినుంచి ఆమె చెప్పినట్టే చేస్తున్నాను. ఆ ముక్క స్పేర్ ఒకటి సంచిలో పెట్టుకోండి. ప్రతి మోడల్‌కీ వేరుగా ఉంటుంది, పల్లెలో దొరకదు.

అడవి సంగతి క్లుప్తంగా. బన్నేరుఘట్ట, కనకపుర వైపు ఏనుగులు రోడ్డు దాటుతాయి. సూర్యోదయానికి ముందు, అస్తమయం తర్వాత ఆ దారులు పెట్టుకోవద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవి మట్టిదారుల్లోకి దిగొద్దు. ఈ రెండు విషయాల్లో నేను సడలింపు ఇవ్వను.

ఈ వారం అభ్యాసం: రెండు రోజుల దారి గీయండి. మొదటి రోజు దేవనహళ్ళి నుంచి నంది గ్రామం, భోగనందీశ్వరుడి గుడి, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి, చిక్కబళ్ళాపురం. రెండో రోజు పేరేసంద్ర దగ్గర ఎడమకి తిరిగి గుడిబండ, అక్కణ్ణించి లేపాక్షి. హైవే మీద ఎన్ని కిలోమీటర్లు తప్పలేదో ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి. చెరువు కట్టలన్నీ నీలంతో. ఎత్తు గీతలు దగ్గరగా ఉన్నచోట్ల చుక్క పెట్టి, ఆ చుక్కకి ముందు నీళ్ళు దొరికే ఊరేదో రాయండి.

వచ్చే పాఠం సామాను సర్దడం. అప్పటికి మీ సైకిలు ఒక్కటే ఎంత బరువుందో కిరాణా కొట్టు కాటా మీదైనా తూచి రాసిపెట్టుకోండి.