ఆల్బమ్ ముఖచిత్రానికి ఫోటో దిద్దుబాటు – మూడో పాఠం: వెలుగునీడలు

గత పాఠంలో ఫోటోను చతురస్రంగా కత్తిరించి, వెడల్పూ ఎత్తూ 3,000 పిక్సెళ్లు ఉండేలా భద్రపరచుకున్నాం. 12 అంగుళాల రికార్డు అట్ట మీద కూడా అచ్చు వేయాలనుకున్నవారు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన కనీసం 3,600 పిక్సెళ్లు ఉంచుకున్నారు. ఈ పాఠంలో కత్తిరింపులు లేవు, అక్షరాలు లేవు, రంగుల జోలికి కూడా చివరిలో తప్ప వెళ్లం. బొమ్మలో వెలుగు ఎక్కడ ఉండాలి, నీడ ఎక్కడ ఉండాలి అన్నది మాత్రమే తేల్చుకుంటాం. ముఖచిత్రం పని చేతికి రాగానే విద్యార్థులు రంగు ఫిల్టర్లు వెతకడం నేను తరచుగా చూస్తుంటాను. వెలుగునీడలు కుదరని ఫోటోకు ఎంత మంచి రంగు అద్దినా, పాటల జాబితాలో గోరంత పరిమాణంలో కనిపించేటప్పుడు అది ఒక మసక మరకలాగే మిగులుతుంది. అందుకే రంగు కన్నా ముందు ఈ పాఠం పెట్టాను.

అభ్యాసానికి ఒక ఫోటోను ఊహించుకుందాం. ఒక అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని వయొలిన్ శ్రుతి చేసుకుంటోంది. కిటికీ తెల్లగా వెలిగిపోతోంది; ముఖం నీడలో ఉంది; వయొలిన్ గోధుమరంగు వెనకనున్న చెక్క బీరువాలో కలిసిపోయింది; ఎడమవైపు గోడ ఖాళీగా ఉంది. ఈ ఫోటోను చూసేవారి కన్ను ముందుగా కిటికీ మీదికే పోతుంది, ఎందుకంటే అన్నిటికన్నా తెల్లనైన చోటు, లేత ముదురుల తేడా బాగా ఎక్కువగా ఉన్న చోటు కంటిని మొదట లాక్కుంటాయి. మనకు కావలసింది వేరు: మొదట ముఖం, తర్వాత వయొలిన్, ఆ తర్వాత గోడ మీద రాబోయే ఆల్బమ్ పేరు. మీ ఫోటోకు కూడా ఇటువంటి వరుసను ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఇకపై వేసే ప్రతి మార్పూ ఆ వరుసకు పనికొస్తుందా లేదా అన్నదే మన కొలత.

అసలు ఫోటోను ముట్టుకోకుండా దిద్దడం

ఫోటోలు దిద్దే ఫోటోషాప్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో నాలుగో వెర్షన్‌తో వచ్చాయి. అడ్జస్ట్‌మెంట్ లేయర్ అంటే ఫోటో పైన పరిచిన అద్దం వంటిది. అది కింది పిక్సెళ్లను మార్చదు, అవి మనకు కనిపించే తీరును మాత్రమే మారుస్తుంది, కాబట్టి నెల తర్వాత తెరిచినా దాన్ని తగ్గించవచ్చు, తీసివేయవచ్చు. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారు ఫోటో లేయర్‌కు నకలు తీసి, మార్పులన్నీ ఆ నకలు మీదే చేసి, దానికి లేయర్ మాస్క్ (తెలుపు పూసిన చోట పొరను చూపి, నలుపు పూసిన చోట దాచే ముసుగు) జోడిస్తే దాదాపు ఇదే సౌకర్యం దొరుకుతుంది. చదువుకునే రోజుల్లో నేను ఒకసారి లేయర్లన్నీ కలిపేసి, అసలు ఫోటో పేరుతోనే జేపెగ్‌గా భద్రపరచాను. నీడలు మరీ నల్లబడ్డాయని రెండు రోజుల తర్వాత తెలిసింది, కానీ వెనక్కి వెళ్లే దారి లేకపోయింది. జేపెగ్ సవరించి భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరాన్ని వదిలేస్తుందని కూడా గుర్తుంచుకోండి. పని నడుస్తున్నంత కాలం పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) లేదా ఎక్స్‌సీఎఫ్ (గింప్ ఫైల్) రూపంలోనే ఉంచి, జేపెగ్‌ను చిట్టచివర ఒక్కసారే తీయాలి.

హిస్టోగ్రామ్, లెవెల్స్, కర్వ్స్

వెలుగునీడలను సరిచేసే లెవెల్స్ అనే పనిముట్టును తెరవగానే కొండల వరుసలా కనిపించేదే హిస్టోగ్రామ్. దాని ఎడమ కొన 0, అంటే పూర్తి నలుపు. కుడి కొన 255, అంటే పూర్తి తెలుపు. ఏ మెట్టు దగ్గర ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో కొండ ఎత్తు చెబుతుంది. మన వయొలిన్ ఫోటోలో ఎడమవైపు ఒక పెద్ద గుట్ట, కుడి కొనకు ఆనుకుని ఒక సన్నని గోడ, మధ్యలో పల్లం కనిపిస్తాయి. కుడి కొనకు ఆనుకున్న ఆ గోడే కిటికీ. అక్కడ వివరం కెమెరాలోనే చెరిగిపోయింది, జేపెగ్‌లో దాన్ని తిరిగి తేలేం. ఫోటోను రా ఫైల్‌గా, అంటే కెమెరా పట్టిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా ఉంచే ఫైల్‌గా తీసినవారికి కొంత ఆశ ఉంది, ఎందుకంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటే 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి.

మీ హిస్టోగ్రామ్‌కు ఎడమ కొన దగ్గర ఖాళీ ఉంటే నల్ల గుర్తును కొండ మొదలయ్యే చోటికి జరపండి, కుడి కొన దగ్గర ఉంటే తెల్ల గుర్తును అలాగే జరపండి. ఫోటోషాప్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి తెల్ల గుర్తును జరిపితే తెర నల్లబడి, వివరం కోల్పోతున్న చోట్లు మాత్రమే వెలిగి కనిపిస్తాయి. అవి విస్తరించడం మొదలైతే ఆగిపోవాలి. మధ్య గుర్తు 1.00 దగ్గర ఉంటుంది. దాన్ని ఎడమకు జరిపి 1.20 చేస్తే, నలుపు తెలుపు కొనలు కదలకుండానే మధ్య ఛాయలు తేటపడతాయి. లెవెల్స్‌తో ఇంతవరకే, మిగతా పని కర్వ్స్ అనే మరో పనిముట్టుకు వదిలేయండి.

కర్వ్స్‌లో ఏటవాలు గీత మీద దిగువ పాతికలో ఒక బిందువు పెట్టి కొద్దిగా కిందికి, ఎగువ పాతికలో మరొకటి పెట్టి కొద్దిగా పైకి లాగితే, గీత మెలిక తిరిగి ఛాయల మధ్య తేడా పెరుగుతుంది. ఇలా చేసినప్పుడు రంగులు కూడా ముదురుతాయి, ముఖ్యంగా చర్మం ఎర్రబడుతుంది. రంగును కదిలించకుండా వెలుగును మాత్రమే దిద్దాలంటే ఆ లేయర్ బ్లెండింగ్ మోడ్‌ను (పై పొర కింది పొరలతో కలిసే తీరును) లూమినాసిటీకి మార్చాలి. ఈ చిన్న మార్పును చాలామంది వదిలేస్తారు, కానీ ముఖం ఉన్న ఫోటోలో ఇది చాలా మేలు చేస్తుంది.

మాస్క్: మార్పు ఎక్కడ కావాలో అక్కడే

పాఠం మొత్తంలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. మొత్తం ఫోటోను తేటపరిస్తే ముఖంతో పాటు కిటికీ కూడా మరింత తెల్లబడి, మన వరుస తలకిందులవుతుంది. అందుకని కర్వ్స్ లేయర్ ఒకటి వేసి, ముఖం సరిపోయేంత తేటపరచి, దాని మాస్క్‌ను నలుపుతో నింపండి. మార్పు పూర్తిగా మాయమవుతుంది. ఇప్పుడు అంచులు మెత్తగా ఉన్న పెద్ద బ్రష్ తీసుకుని, ఫ్లో (బ్రష్ నుంచి రంగు పడే మోతాదు) 10 శాతం దగ్గర ఉంచి, ముఖం మీద తెలుపుతో నెమ్మదిగా, పొరలు పొరలుగా పూయండి. కిటికీ వైపున్న చెంపకు ఎక్కువ, అవతలి చెంపకు తక్కువ. వెలుగు ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కును మన చేయి కూడా పాటించాలి. రెండు చెంపలూ సమానంగా వెలిగితే ముఖం అతికించినట్టు కనిపిస్తుంది. కిటికీకి మరో కర్వ్స్ లేయర్ వేసి, తెలుపు కొననే కొద్దిగా కిందికి దించితే పోయిన వివరం రాదు గానీ, కంటిని లాగే బలం తగ్గుతుంది.

వయొలిన్‌ను బీరువా నుంచి విడదీయడానికి మరొక పద్ధతి అనువుగా ఉంటుంది. కొత్త లేయర్‌ను 50 శాతం బూడిదరంగుతో నింపి, బ్లెండింగ్ మోడ్‌ను సాఫ్ట్ లైట్ చేయండి. ఆ బూడిదరంగు ఫోటోలో ఏ మార్పూ తేదు. దాని మీద 5 శాతం ఫ్లోతో వయొలిన్ అంచు వెంట తెలుపును, దాని వెనక బీరువా మీద నలుపును పూస్తే వాద్యం ముందుకు వస్తుంది. దీన్నే డాడ్జ్, బర్న్ అంటారు. ఈ పేర్లు ఫిల్ము ఫోటోలను కాగితం మీదికి తీసే చీకటిగది, అంటే డార్క్‌రూమ్ నుంచి వచ్చాయి: ఫిల్ము బొమ్మను పెద్దదిగా కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ వెలుగుకూ కాగితానికీ మధ్య చేతినో అట్టముక్కనో కొన్ని క్షణాలు అడ్డుపెట్టి ఒక చోటును లేతగా ఉంచడం డాడ్జ్, ఒక చోటికి అదనంగా వెలుగు తగలనిచ్చి దాన్ని ముదురు చేయడం బర్న్. అప్పటివారికి ప్రతి ప్రయత్నానికీ ఒక కాగితం ఖర్చయ్యేది, మనకు ఆ ఖర్చు లేదు కాబట్టి తొందరపడనక్కర్లేదు.

ఎడమవైపు గోడ మీద తర్వాత అక్షరాలు రావాలి. అక్కడ మచ్చలుంటే చెరపండి, ఛాయల తేడాను తగ్గించండి, తెల్లటి అక్షరాలు పెట్టే ఆలోచన ఉంటే మొత్తంగా ఒకింత ముదురు చేయండి. నున్నని గోడను మరీ సాగదీస్తే ఛాయలు మెట్లు మెట్లుగా విడిపోయి చారలు కనిపిస్తాయి. ఆ చిక్కు వస్తే మొదటి నుంచి, ఛాయలకు మరెన్నో మెట్లు ఉండే 16 బిట్ల మోడ్‌లో పనిచేయండి.

అచ్చుకు వెళ్లే పని అయితే ఒక జాగ్రత్త. తెర స్వయంగా వెలుగుతుంది, కాగితం పడిన వెలుగునే తిప్పి పంపుతుంది, పైగా సిరా కాస్త వ్యాపిస్తుంది. తెర మీద చూడడానికి సరిపోయిన నీడలు కాగితం మీద మూసుకుపోతాయి, కాబట్టి అచ్చు కోసం నీడలను కొంచెం తేటగా ఉంచిన వేరే ఫైల్ తయారుచేసుకోండి.

వచ్చే పాఠం అక్షరాల గురించి. ఆలోపు మీ ఫోటోను ఈ పద్ధతిలో దిద్ది, అన్నిటికన్నా పైన బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఒకటి వేసి రంగులను తాత్కాలికంగా తీసేయండి. తర్వాత తెర మీద ఫోటో బొటనవేలి గోరంత అయ్యేదాకా తగ్గించి, పని గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి, ముందుగా ఏం కనిపించిందో, తర్వాత ఏం కనిపించిందో అడగండి. వారు చెప్పిన వరుసను మీరు మొదట రాసుకున్న కాగితం మీదే, మీ వరుస పక్కన రాయండి. రెండూ కలవకపోతే ఏ మాస్క్ దగ్గరికి తిరిగి వెళ్లాలో ఆ కాగితంలోనే తెలుస్తుంది.