తర్కం నేర్చుకుందాం – 5: ఉపాధిని పట్టుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుంది కదా. "కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది" అన్నది సరైన అనుమానం (తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం). దాన్నే తిరగేసి "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అంటే ఎక్కడ చెడింది?

నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు. కమ్మరి కొలిమిలోంచి అప్పుడే తీసిన ఎర్రటి ఇనప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. ఇంతవరకు అందరూ పట్టి ఉంటారు. కానీ అంతటితో ఆగితే వాదంలో నిలవలేం. "సరే, ఆ ఇనప ముద్ద సంగతి వదిలెయ్, మిగతా అన్నిచోట్లా ఉంది కదా" అని అవతలివాడు తప్పించుకుంటాడు. మనం అడగాల్సింది వేరే ఉంది: పొగ వచ్చిన చోట అది అసలు దేనివల్ల వచ్చింది? పచ్చి కట్టె వల్ల. నిప్పు ఒక్కటే ఉంటే పొగ రాలేదు, పచ్చి కట్టె తోడైతే వచ్చింది. మనం చూడకుండా క్రెడిట్ అంతా నిప్పుకి ఇచ్చేశాం. మనం చూపే కారణాన్ని హేతువు అంటారు. ఇలా హేతువు వెనక నక్కి, అసలు పని తాను చేసే మూడో వస్తువును నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, ఉపాధి అన్నారు. కిరోసిన్ బుడ్డి పొగ సంగతేమిటని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. పాత గ్రంథాల ఉదాహరణ పచ్చి కట్టె. మనం "పూర్తిగా కాలని ఇంధనం" అని సవరించుకుంటే ఇబ్బంది లేదు.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే, ఉపాధిని పట్టుకోవడం. అందుకు రెండు ప్రశ్నలు చాలు. నువ్వు నిరూపించాలనుకుంటున్నది, అంటే సాధ్యం, ఉన్న ప్రతిచోటా ఈ మూడోది ఉందా? హేతువు ఉండి కూడా ఈ మూడోది లేని చోటు ఒక్కటైనా ఉందా? రెండింటికీ "ఉంది" అని జవాబొస్తే ఆ హేతువు పనికిరాదు. పొగ ఉన్న ప్రతిచోటా పచ్చి కట్టె ఉంది. నిప్పుండి పచ్చి కట్టె లేని చోటు కూడా ఉంది, అదే ఇనప ముద్ద. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ ప్రశ్నలను తారుమారు చేస్తారు. మొదటిది సాధ్యాన్ని పట్టుకుని అడగాలి, రెండోది హేతువుని పట్టుకుని. నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మన జిల్లాల్లోనే ఏళ్ల తరబడి నలుగుతున్న వాదం ఒకటి తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని ఎవరినైనా అడగండి. "ఇంకేటి, నీళ్లే" అంటారు. దాన్ని మన అచ్చులో పోద్దాం. సాధ్యం: ఈ ఊరివాళ్లకు జబ్బు ముప్పు ఉంది. హేతువు: ఇక్కడి బోరు నీళ్లు తాగుతారు కాబట్టి. ఉపాధి ఏదైనా దొరుకుతుందా? జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో మండుటెండలో సరిగా నీళ్లు తాగకుండా కష్టపడటం అనుకుందాం. రెండో ప్రశ్నకు జవాబు తేలిక: అదే బోరు నీళ్లు తాగుతూ నీడపట్టున ఉండేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు. జబ్బు వచ్చిన ప్రతివాళ్లూ ఎండలో కష్టపడినవాళ్లేనా? ఇంట్లోనే ఉండి జబ్బు పడ్డ ఒక్క మనిషి కనిపించినా మన ఉపాధి కూలిపోతుంది. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశంలో ఉన్న గుణం, ఇలా పరిశోధకులు అనుమానించిన ఒక్కోదాన్నీ ఈ రెండు ప్రశ్నల మధ్య నిలబెట్టి చూడండి. ఇదీ కారణం అని ఇంతవరకు ఒకదాన్ని గట్టిగా తేల్చలేదు.

ఇలాంటిదాన్ని సందిగ్ధోపాధి అంటారు. పచ్చి కట్టె నిశ్చితోపాధి, హేతువును పడగొడుతుంది. సందిగ్ధోపాధి పడగొట్టదు, అలాగని నిలబెట్టదు. "నీళ్ల వల్ల కాదు" అని తేలినట్టు కాదు, "నీళ్ల వల్లే" అనే నమ్మకం సడలింది, అంతే. వాట్సాప్‌లో వాదించుకునే మనవాళ్లకు ఈ తేడా తెలిస్తే సగం గొడవలు తగ్గును.

అయితే ప్రతిదానికీ సందేహమేనా, దీనికి అంతు లేదా? 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు దీనికి హద్దు గీశాడు. నీ సందేహం నువ్వు చేస్తున్న పనికే అడ్డం తిరిగితే అక్కడ ఆగాలన్నాడు. అన్నం ఆకలి తీరుస్తుందో లేదో అని సందేహిస్తూనే కంచం ముందు కూర్చునేవాడి సందేహం మాటల్లో ఉన్నదే గాని మనసులో ఉన్నది కాదు. ఉద్దానం విషయంలోనూ అంతే. కారణం తేలేదాకా మంచినీళ్లు ఇవ్వం అనడం తర్కం కాదు. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చి ఇవ్వడమూ, పలాసలో కిడ్నీ జబ్బులకు ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ పెట్టడమూ రెండూ కావలసినవే.

ఇప్పుడు కష్టమైన లెక్క చూద్దాం. ఉదయనుడి పేరు ఊరికే తేలేదు. ఈశ్వరుడు ఉన్నాడని అనుమానంతో నిరూపించడానికి ఆయన ఒక గ్రంథమే రాశాడు. నైయాయికుల ముఖ్యమైన వాదం ఇది: భూమికీ, మొలకకీ కర్త ఉన్నాడు, అవి ఒకప్పుడు లేక తర్వాత పుట్టినవి కాబట్టి, కుండలాగా. కుండ స్థానంలో మనం బొబ్బిలి వీణను పెట్టుకుందాం. ఒకే పనస మొద్దును తొలిచి చేసిన వీణను చూస్తే, చేసినవాడు ఎదురుగా లేకపోయినా, ఎవరో చేశారని తెలుస్తుంది. సరే, ఆ పనస చెట్టును ఎవరు చేశారు?

ఉదయనుడికి మూడు వందల ఏళ్ల ముందే బౌద్ధుడు ధర్మకీర్తి ఇక్కడ అడ్డం పడ్డాడు. కుండ మట్టిది, దానికి కుమ్మరి ఉన్నాడు. పుట్ట కూడా మట్టిదే, దాన్ని కూడా కుమ్మరి ఖాతాలో వేస్తామా? నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. చెదపురుగులు ఒక్క పోటుతో "మట్టిది కాబట్టి" అన్న హేతువును కూల్చేశాయి. మనకు కుమ్మరిని తెలిపేది మట్టి కాదు, ఆ ప్రత్యేకమైన రూపం.

ఈశ్వరవాదాన్ని కాదన్నవాళ్లు చూపిన ఉపాధి ఇంకా పదునైనది: శరీరం ఉన్నవాడి చేత పుట్టడం. రెండు ప్రశ్నలూ వేయండి. కర్త ఉన్నాడని మనం ఎరిగిన ప్రతిచోటా, వీణ, ఇల్లు, గుడి, శరీరం ఉన్నవాడే కర్త. పుట్టినదై ఉండి శరీరధారి చేయనిది ఉందా? పనస మొలక ఉంది. ఉపాధి పడినట్టే కనిపిస్తోంది కదా? తొందరపడకండి. నైయాయికుడు మొదటి ప్రశ్న మీదే తిరగబడతాడు. మొలకకు శరీరం లేని కర్త ఉంటే "కర్త ఉన్న ప్రతిచోటా శరీరం" అన్న మాట అక్కడే తప్పుతుంది. ఉన్నాడా లేడా అన్నదే మన తగవు. తీర్పు రాకముందే తీర్పును సాక్ష్యంగా వాడుకుంటే ఎలా? పైగా కర్త కావడానికి కావలసినవి మూడు, పదార్థాన్ని నేరుగా ఎరగడం, చేయాలన్న కోరిక, ప్రయత్నం. శరీరం ఆ లెక్కలో లేదు అంటాడు. శరీరం లేని ప్రయత్నం నువ్వెక్కడ చూశావని ఎదుటివాడు అడుగుతాడు. నా మటుకు ఇది సందిగ్ధోపాధిగానే మిగిలిందనిపిస్తుంది. మీకు వేరేగా అనిపిస్తే కారణంతో రాయండి.

ఈ వాదంలోంచే దైవజ్ఞానం సంగతి ఊడిపడింది. వీణ చేసేవాడికి కర్ర నాడి తెలియాలి. భూమిని చేసేవాడికి పరమాణువులన్నీ తెలియాలి, అదీ నేరుగా. అందుకే న్యాయమతంలో ఈశ్వరుడి జ్ఞానం నిత్యం, ప్రత్యక్షం. ఆయనకు అనుమానంతో పనిలేదు. మనం పొగను చూసి నిప్పును ఊహిస్తాం, ఆయనకు రెండూ కనబడుతూనే ఉంటాయి. అనుమానం అన్నీ చూడలేనివాడి పనిముట్టు, ఉపాధి భయం కూడా వాడికే.

విజయనగరం దగ్గర రామతీర్థం వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ వైపు జైన విగ్రహాలు, కింద రాముడి గుడి. అన్నీ తెలిసినవాడు ఉన్నాడా అన్న ప్రశ్నకు ఈ మతాలవాళ్లు తలో జవాబు చెప్పారు. జైనులు ఉన్నాడన్నారు, అయితే అతను లోకాన్ని చేసినవాడు కాదు, కర్మలు తొలగించుకున్న మనిషే. లోకంలో ఎన్ని పురుగులున్నాయో గురువుకు తెలిస్తే మనకేం ఒరుగుతుంది, ఏం చేయాలో తెలిస్తే చాలదా అని ధర్మకీర్తి విసుక్కున్నాడు. ఈ తగవులన్నీ మూలంలో చదవాలనుకునేవాళ్లకు ఒక విశేషం: నైయాయికుడు జయంత భట్టు రాసిన న్యాయమంజరి 1895లో కాశీలో అచ్చయింది విజయనగరం పేరు పెట్టుకున్న సంస్కృత గ్రంథమాలలోనే.

ఈ వారం అభ్యాసం. అరసవల్లిలో మార్చిలోనూ, అక్టోబరు మొదట్లోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, మబ్బు లేకపోతే. "కిరణాలు పాదాల మీద పడుతున్నాయి కాబట్టి కట్టినవాళ్లు ఖగోళం లెక్కగట్టే కట్టారు" అన్న వాక్యంలో ఉపాధిని వెతకండి. "తూర్పు ముఖం" అని రాసేయకండి, అది రెండో ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. ఎందుకు తేలిపోతుందో కూడా రాయాలి. ఆ రెండు తేదీలూ డిసెంబరు 21కి అటూ ఇటూ దాదాపు 80 రోజుల దూరంలో ఉంటాయి. అది కట్టినవాళ్ల గొప్పతనమా, సూర్యుడి నడకా అన్నది ముందు తేల్చుకుని, తర్వాత ఉపాధి జోలికి వెళ్లండి. ఆరో పాఠంలో సత్ప్రతిపక్షం, అంటే రెండు వైపులా సమానమైన హేతువులు నిలబడినప్పుడు ఏం చేయాలన్నది.