గుండె వీక్ అయిందన్నారా? ఎందుకని అడగండి

నేను హనుమకొండలో గుండె జబ్బుల వార్డులో నర్సును. "పంపింగ్ తగ్గింది", అంటే గుండె రక్తాన్ని సరిగా తోయలేకపోతోంది అని డాక్టర్ చెప్పగానే ఇంటివాళ్లు చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు ఉరుకుతారు. ఒక్క నిమిషం ఆగి, "ఎందుకు తగ్గింది సార్?" అని అడగండి. రక్తనాళాల్లో అడ్డమా, ఏళ్ల తరబడి బీపీనా, చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో చెడిన వాల్వా, తాగుడా, కండరంలోనే లోపమా? టూడీ ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు మీద ఆ మాట రాయించుకోండి.

ఈ కారణం అందరికీ ఒకటి కాదు. అమెరికాలోని నల్లజాతివాళ్లలో బీపీ వల్ల, అదీ చిన్న వయసులోనే, గుండె దెబ్బతినడం ఎక్కువ. లాటిన్ అమెరికాలో చాగస్ అనే పరాన్నజీవి జబ్బు కూడా కారణమవుతుంది. మన దేశంలో అయితే, 2013లో తిరువనంతపురం ఆసుపత్రుల్లో చేరిన గుండె వైఫల్యం (ఒంటికి సరిపడా రక్తాన్ని గుండె అందించలేకపోవడం) రోగుల వివరాలు రాస్తే సగటు వయసు 61 ఏళ్లే వచ్చింది. పాశ్చాత్య దేశాల కన్నా సుమారు పదేళ్లు ముందు. ఈ తిరువనంతపురం రోగుల్లో 70 శాతానికి పైగా గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లే.

నన్ను బాధపెట్టే అంకె వేరే ఉంది. ఆ రోగుల్లో దాదాపు 30 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. పంపింగ్ తగ్గినవాళ్లలో అవసరమైన మందులన్నీ రాయించుకుని ఇంటికి వెళ్లింది నాలుగో వంతు మందే. అందుకే డిశ్చార్జి రోజు ఒక్కో మందూ చూపించి, "ఇది దేనికి, ఎన్నాళ్లు?" అని అడగండి. ఆయాసం తగ్గిందని మానేయకండి. అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన మందుల పేర్లు చూసి మీరే మార్చుకోకండి. హైడ్రలజిన్, నైట్రేట్ కలిపిన మాత్రను అక్కడ 2005లో ప్రత్యేకంగా నల్లజాతి రోగుల కోసమే ఆమోదించారు. మనవాళ్లకు అది అవసరమా కాదా అన్నది డాక్టర్ చెప్పాలి.

పొద్దున బాత్రూంకు వెళ్లొచ్చాక, చాయ్ తాగకముందే బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, వెంటనే ఫోన్ చేయండి. ఉప్పు తగ్గించడానికి విదేశీ కరపత్రాల్లో డబ్బా సూపులు వద్దంటారు. మన ఇళ్లలో ఉప్పంతా మామిడికాయ తొక్కులో, అప్పడాల్లో ఉంటుంది. తక్కువ సోడియం ఉప్పు కొనేముందు కూడా డాక్టర్‌ను అడగండి, అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, కొన్ని గుండె మందులతో కలిస్తే ఒంట్లో అది ప్రమాదకరంగా పెరుగుతుంది.

మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుతాయి. అంతకుముందు బాగానే ఉన్న పెద్దమనిషి కాళ్ల వాపుతో మళ్లీ వార్డుకు రావడం వెనక చాలాసార్లు ఈ సూదే ఉంటుంది.

పేషెంటు అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ బీపీ, షుగర్ చూపించండి. మనవాళ్లలో నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే చాలు, జాగ్రత్త పడాలి. కారణం కండరం లోపమని తేలితే ఇంట్లో అందరికీ ఎకో చేయించాలా అని అడగండి. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యు మార్పు దక్షిణాసియా వాళ్లలో నూటికి సుమారు నలుగురిలో ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో తేలింది. ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, కానీ ముప్పు పెరుగుతుంది.