చెన్నైలో డిగ్రీ: వేరే సబ్జెక్టు పేపర్ ఎంచుకునే ముందు

పేపర్ పేరు చూసి టిక్ పెట్టకండి. సిలబస్‌లో యూనిట్లన్నీ చదవండి. 'ఇంట్రడక్షన్' అని ఉన్నా స్టాటిస్టిక్స్‌కి ఇంటర్ లెక్కలు కావాల్సి రావచ్చు.

మన తెలుగు పిల్లలు ముఖ్యంగా ఇది చూసుకోవాలి. మద్రాస్ యూనివర్సిటీ పద్ధతిలో, ప్లస్ టూ వరకు తమిళం చదవకుండా పార్ట్ 1లో (భాషా పేపర్) తెలుగో హిందీయో తీసుకుంటే, నాన్ మేజర్ ఎలక్టివ్ (ఈ వేరే సబ్జెక్టు పేపరే) బదులు బేసిక్ తమిళం 2 పేపర్లు రాయాలి. స్థాయి ఆరో తరగతిదే, టెన్షన్ వద్దు. ఊళ్లో బతకడానికీ పనికొస్తుంది. అటానమస్ (సొంత సిలబస్, పరీక్షలు ఉండే) కాలేజీ అయితే వాళ్ల రూల్ అడగండి.

సైకాలజీయో ఎకనామిక్సో చదవాలనే ఉంటే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) ఉంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. క్రెడిట్లు కలుపుతారా అని డిపార్ట్‌మెంట్‌లో ముందే అడగండి, చేరాక కాదు.

చివరగా, ఎంచుకున్న పేపర్ క్లాసుకి మీ ల్యాబ్ టైముతో క్లాష్ లేదు కదా?