నెలసరి ఆగే వయసులో ఒంటి సంరక్షణ – 3వ పాఠం: టేపు, కుర్చీ

పరగడుపు షుగర్ రిపోర్టు చదవడం గత పాఠంలో నేర్చుకున్నాం: 100 లోపు మామూలు, 100 నుంచి 125 దాకా షుగర్‌కు ముందు దశ, 126కు చేరితే డాక్టర్‌ను కలిసి మళ్లీ పరీక్ష. ఈసారి బట్టలు కుట్టే టేపు, కదలని గట్టి కుర్చీ చాలు.

"బరువు పెరగలే, జాకెట్లు మాత్రం బిగుతయినయ్" అని హన్మకొండలో ఎంతోమంది అక్కలు అంటుంటారు. నిజమే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ తుంట్లు, తొడల్లో చేరే కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. మరోపక్క కండ తరుగుతుంది. అటు పెరిగి ఇటు తగ్గితే కాటా ముల్లు కదలదు.

టేపు పట్టండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, కుచ్చిళ్ల మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. పొట్ట బిగబట్టొద్దు. మామూలుగా ఊపిరి వదిలి అంకె చూడండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. నెలకోసారి చాలు, రోజూ కొలిస్తే బెంగే మిగులుతుంది.

ఇక కుర్చీ. తిన్నదాంట్లోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండే. అందులో తొడలు, పిరుదులవి పెద్ద కండలు. కుర్చీని గోడకు ఆనించి అంచున కూర్చోండి. పాదాలు మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి జరిపి, చేతులు కట్టుకుని లేవండి. అసలు పని కూర్చునేటప్పుడుంది: ధబ్బున పడకుండా ఒకటి, రెండు, మూడు అనుకుంటూ దిగాలి. అలా పదిసార్లు, కాస్త ఆగి మరో పది, వారానికి కనీసం రెండు రోజులు. మోకాళ్లు నొస్తే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి. తేలికయ్యాక 2 కిలోల బియ్యం సంచి ఎదకు హత్తుకుని చేయండి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.

కండకు ప్రొటీన్ కావాలి. వంట చేసినామె అందరికీ పెట్టి కూర్చునేసరికి పప్పుగిన్నె అడుగంటి ఉంటుంది, ఆమెకు మిగిలేది అన్నం, పచ్చిపులుసు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే అలవాటు. మీ వంతు పప్పు ముందే తీసి పెట్టుకోండి. సాయంత్రం బొబ్బర్ల గుడాలు, రోజుకో గుడ్డు కలపండి. గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. సర్వపిండి మానక్కర్లేదు. అదీ బియ్యప్పిండే కనుక ఆ పూట అన్నం తగ్గించండి. తిన్నాక వాకిట్లోనే పది నిమిషాలు నడవండి.

పాఠానికి బయటిదైనా ఒక మాట: ఏడాదిపాటు నెలసరి రాక, తర్వాత చుక్క రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా స్త్రీల డాక్టర్‌కు చూపించుకోండి.

వచ్చేసారి కొలెస్ట్రాల్ రిపోర్టు చదువుదాం. పాతదైనా సరే, ఒకటి వెతికి పెట్టుకోండి.