నెట్‌ఫ్లో, ఐపీఫిక్స్, ఎస్‌ఫ్లో: ఏది ఎక్కడ పెట్టాలి, లెక్క ఎలా సరిచూడాలి

లింకు నిండిపోయిందని ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల కౌంటర్లను చదివే పద్ధతి) గ్రాఫు చెబుతుంది, ఎవరు నింపారో చెప్పదు. అది ఫ్లో డేటాతోనే, అంటే ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత ట్రాఫిక్ వెళ్లిందన్న లెక్కతోనే తెలుస్తుంది. ఏ రకం ఫ్లో కావాలో తేల్చేది మీరు అడగబోయే ప్రశ్న.

ఫలానా ఐపీ నిన్న రాత్రి ఎవరెవరితో మాట్లాడిందో వెతకాలంటే శాంప్లింగ్ (కొన్ని ప్యాకెట్లనే ఎంచి చూడటం) లేని నెట్‌ఫ్లో గానీ ఐపీఫిక్స్ గానీ పెట్టాలి. రౌటర్ ప్రతి ఫ్లోనూ క్యాష్‌లో (తన తాత్కాలిక మెమరీలో) లెక్కగట్టి కలెక్టర్‌కు, అంటే రికార్డులు పోగుచేసే సర్వర్‌కు, రికార్డు పంపుతుంది. ఇందుకు మెమరీ, ప్రాసెసర్ బాగానే ఖర్చవుతాయి. కొత్తగా పెట్టేవాళ్లు నెట్‌ఫ్లో వెర్షన్ 5 జోలికి వెళ్లొద్దు, దానికి ఐపీవీ6 తెలియదు. వెర్షన్ 9, ఐపీఫిక్స్ రెండూ ఉంటే ఐపీఫిక్సే తీసుకోండి, అది ఏ ఒక్క కంపెనీదీ కాని ప్రమాణం.

ఎస్‌ఫ్లోలో స్విచ్ ఏ ఫ్లోనూ గుర్తుపెట్టుకోదు. సగటున ఎన్ని ప్యాకెట్లకు ఒకటి అని మీరు చెబితే ఆ లెక్కన ప్యాకెట్ తల భాగాన్ని, మామూలుగా 128 బైట్లను, వెంటనే కలెక్టర్‌కు పంపేస్తుంది. వేగం ఎక్కువున్న పోర్టులకు, దాడిని సెకన్లలో పట్టడానికి ఇదే మేలు. చిన్న ఫ్లోలు మాత్రం తప్పించుకుంటాయి. 196ను శాంపిళ్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే గరిష్ఠ దోష శాతం వస్తుంది (95 శాతం నమ్మకంతో): 10,000 శాంపిళ్లకు సుమారు 2 శాతం, 100 శాంపిళ్లకు దాదాపు 20. కాబట్టి వంద శాంపిళ్లు చూసి బిల్లు వేయకండి.

నెట్‌ఫ్లోలో ఎక్కువమంది వదిలేసేది యాక్టివ్ టైమౌట్, అంటే ఇంకా నడుస్తున్న ఫ్లో లెక్కను ఎంతసేపటికోసారి పంపాలన్న గడువు. సిస్కో పరికరాల్లో అది మొదట 30 నిమిషాలుంటుంది. గంటసేపు నడిచే బ్యాకప్ అరగంటకోసారి ఒక్క ముద్దగా వచ్చిపడి, లింకు సామర్థ్యాన్ని మించిన శిఖరం గ్రాఫులో లేస్తుంది. 60 సెకన్లకు దించండి. ఇనాక్టివ్ టైమౌట్ (ఆగిపోయిన ఫ్లో లెక్కను పంపేసే గడువు) 15 సెకన్లు చాలు. టెంప్లేట్ (రికార్డులో ఏ అంకె దేనిదో చెప్పే నమూనా) కూడా 60 సెకన్లకోసారి పంపించండి, అది అందేదాకా రీస్టార్ట్ అయిన కలెక్టర్‌కు డేటా అర్థం కాదు. అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా ఇన్‌గ్రెస్ (లోపలికి వచ్చే ట్రాఫిక్) ఒక్కటే పెట్టండి. ఎగ్రెస్ (బయటికి వెళ్లేది) కూడా కలిపితే ట్రాఫిక్ రెట్టింపు కనిపిస్తుంది. రీబూట్ తర్వాత ఇంటర్‌ఫేస్ నంబర్లు మారకుండా స్థిరపరచండి, లేకపోతే ఒక లింకు లెక్క ఇంకో లింకు ఖాతాలో పడుతుంది.

ఇక సరిచూడటం. కలెక్టర్ మీద టీసీపీడంప్‌తో (వచ్చే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాం) యూడీపీ పోర్టు చూడండి: ఎస్‌ఫ్లోకు 6343, ఐపీఫిక్స్‌కు 4739, నెట్‌ఫ్లోకు ఎక్కువగా 2055. తర్వాత ఒక గంట మొత్తాన్ని ఎస్‌ఎన్‌ఎంపీ 64 బిట్ల కౌంటర్‌తో పోల్చండి. 32 బిట్ల కౌంటర్ 1 గిగాబిట్ వేగంలో 34 సెకన్లకే చుట్టు తిరిగిపోతుంది, అది పనికిరాదు. నెట్‌ఫ్లో కొంచెం తక్కువ చూపడం సహజమే: అది ఐపీ బైట్లనే లెక్కిస్తుంది, ఎస్‌ఎన్‌ఎంపీ ఈథర్‌నెట్ హెడర్లనూ కలుపుతుంది. ఫ్లో లెక్క ఎస్‌ఎన్‌ఎంపీ లెక్కలో వందో వంతు మాత్రమే ఉంటే, ఎన్ని ప్యాకెట్లకు ఒకటి తీస్తున్నారన్న శాంప్లింగ్ రేటు కలెక్టర్‌కు అందలేదేమో చూడండి. కొద్ది కొద్దిగా, రద్దీ వేళల్లోనే తగ్గుతుంటే వచ్చిన ఫ్లో ప్యాకెట్ల సీక్వెన్స్ (వరుస) నంబర్లలో ఖాళీలు వెతకండి. ఉంటే యూడీపీ ప్యాకెట్లు దారిలోనో కలెక్టర్ దగ్గరో రాలిపోతున్నట్టే. ముందుగా కలెక్టర్ సాకెట్ రిసీవ్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లు చదివేదాకా ఆగే చోటు) పెంచి చూడండి.