దూరంలో ఉన్న రౌటర్‌ను సరిచేసే ముందు

నెల్లూరులో కూర్చుని కావలిలోని బ్రాంచి రౌటర్‌ను సరిచేయవలసి వచ్చినప్పుడు, అందులోకి వెళ్లే దారి భద్రంగా ఉన్నదో లేదో మొదట చూసుకోవాలి. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే, 23వ పోర్టు మీద నడిచే టెల్‌నెట్ పాస్‌వర్డును గుప్తీకరించకుండా ఉన్నదున్నట్టే పంపుతుంది కాబట్టి దానిని పూర్తిగా ఆపివేసి, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అనే గుప్తీకరణ కీతో, అంతా గుప్తీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రెండవ వెర్షన్‌ను అమర్చాలి. దూరపు లాగిన్లు వచ్చే వీటీవై లైన్లకు, ఏ చిరునామాలను అనుమతించాలో చెప్పే యాక్సెస్ లిస్టు తగిలించి, మీ వీపీఎన్ (గుప్తీకరించిన ప్రైవేటు దారి) చిరునామాల నుంచి మాత్రమే లాగిన్‌ను అనుమతించాలి.

అసలు ప్రమాదం యాక్సెస్ లిస్టులు రాసేటప్పుడే పొంచి ఉంటుంది. ఒక రాత్రి నేను బయటి నెట్‌వర్కుకు కలిపే వ్యాన్ ఇంటర్‌ఫేస్‌కు పెట్టిన లిస్టులో నా చిరునామాను అనుమతించే వరుసను మరిచిపోయాను. ఎంటర్ నొక్కగానే తెర బిగుసుకుపోయింది. ఏ కీ నొక్కినా అక్షరం పడలేదు. తెల్లవారుజామున బస్సెక్కి కావలి వెళ్లి, రౌటర్‌కు నేరుగా కలిపే కన్సోల్ కేబుల్ తగిలించి, 9600 బాడ్ వేగంతో లోపలికి ప్రవేశించవలసి వచ్చింది.

అందుకే సిస్కో కంపెనీ పరికరమైతే, ఉన్న కాన్ఫిగరేషన్‌ను (అమరికలను) సేవ్ చేసి, మార్పు మొదలుపెట్టే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అనే ఆదేశం ఇవ్వండి. దారి తెగినా 10 నిమిషాలకు రౌటర్ తనంతట తానే రీబూటై పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే, మరో విండోలో కొత్తగా లాగినై నిర్ధారించుకుని, ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టిన తరువాతే సేవ్ చేయాలి. జూనిపర్ కంపెనీ రౌటర్లలోని ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఆదేశం, మార్పును గడువులోగా నిర్ధారించకపోతే, రీబూట్ అవసరం లేకుండానే పాత స్థితికి తెస్తుంది కనుక నాకు అదే మేలైన పద్ధతిగా తోస్తుంది.

ఒంగోలు, నెల్లూరు కళాశాలల నుంచి వచ్చే పిల్లలు సిస్కో వారి నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ గురించి అడుగుతుంటారు. 120 నిమిషాల ఆ పరీక్షలో నెగ్గితే సర్టిఫికెట్ 3 సంవత్సరాలు చెల్లుతుంది. దానికోసం డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టవద్దు. రౌటర్లను కంప్యూటర్‌లోనే అనుకరించే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నా తప్పునే కావాలని చేసి, కన్సోల్ ద్వారా తిరిగి లోపలికి రావడం సాధన చేయండి.